“పడదు” అన్న మాట: పసిపిల్లల కంచం, నూరేళ్ళ అనుమానం

తెలుగులో “పడదు” అనే క్రియకు సరితూగే మాట వైద్యశాస్త్ర పరిభాషలో లేదు. వంకాయ తింటే ఒళ్ళంతా దురద పెట్టేవారికి వంకాయ పడదు. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి పాలు పడవు. పెరుగు తింటే జలుబు చేస్తుందని నమ్మేవారికి పెరుగు పడదు. కొత్త ఊరి నీళ్ళు పడవు. అత్తకూ కోడలికీ పడదు. దేహం తిరస్కరించడం, జీర్ణశక్తి చాలకపోవడం, నమ్మకం, అయిష్టం, ఇవన్నీ ఆ ఒక్క మాటలో సర్దుకుపోతాయి. పెద్దవాళ్ళ విషయంలో ఈ అస్పష్టత వల్ల వచ్చే నష్టం తక్కువ. వంకాయ మానేసిన పెద్దమనిషికి బీరకాయ ఉంది. ఏడాదిన్నర పిల్లవాడి సంగతి వేరు. వాడు నోట పెట్టనిచ్చే పదార్థాలే పదో పదిహేనో ఉంటాయి. అందులోనుంచి పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ అన్నీ “పడవేమో” అని తీసేస్తే వాడి ఆహారంలో మాంసకృత్తులకూ కొవ్వుకూ ఆధారమైన వాటిలో పెద్ద భాగం పోతుంది. తీయకపోతే, అనుమానం నిజమైన పక్షంలో, ప్రాణానికే ముప్పు. ఈ రెండు భయాల మధ్య వైద్యశాస్త్రం నూరేళ్ళకు పైగా ఎలా ఊగిసలాడిందన్నది తెలుసుకోదగిన కథ.

స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో వైద్యచరిత్ర అధ్యాపకుడైన మాథ్యూ స్మిత్ 2015లో ప్రచురించిన “అనదర్ పర్సన్స్ పాయిజన్” అనే పుస్తకం ఆహార అలర్జీ చరిత్రను సాధారణ పాఠకులకు అందుబాటులోకి తెచ్చింది. ఆ చరిత్ర ఒక జబ్బును క్రమక్రమంగా అర్థం చేసుకున్న విజయగాథ కాదనీ, అలర్జీ అంటే ఏమిటన్న నిర్వచనం మీద వైద్యుల మధ్య నడిచిన దీర్ఘకాలపు తగవు అనీ ఆయన చూపించారు. ఆ తగవులో పసిపిల్లల కంచానికి ఏ గతి పట్టిందన్న ఒక్క పాయనే ఈ వ్యాసం అనుసరిస్తుంది.

మాట పుట్టుక

ఒకరికి అన్నమైనది మరొకరికి విషం కావచ్చునన్న గ్రహింపు పాతదే. జున్ను కొందరికి బలమిస్తుందనీ, కొందరిని బాధపెడుతుందనీ హిప్పోక్రటీస్ పేరిట వచ్చిన గ్రంథాల్లో ఉంది. చరకుడు సాత్మ్యం, అసాత్మ్యం అని విడదీసి, అలవాటు వల్ల సరిపడేదాన్ని ఓకసాత్మ్యం అన్నాడు. కాశ్యపసంహిత ఆరవ నెలలో ఫలప్రాశన, పదవ నెలలో అన్నప్రాశన చెప్పింది. గృహ్యసూత్రాలు ఆరవ నెలలోనే అన్నప్రాశన చేయమన్నాయి. ఇవన్నీ పరిశీలన నుంచి పుట్టిన మాటలే కాని, వాటిలో ఆధునిక అలర్జీ శాస్త్రాన్ని వెతకడం వాటికీ శాస్త్రానికీ అన్యాయం చేయడమే. దేహం ఒక పదార్థాన్ని ఎందుకు తిరస్కరిస్తుందన్న ప్రశ్నకు ప్రయోగపూర్వకమైన సమాధానం ఇరవయ్యవ శతాబ్దం దాకా లేదు.

1901 వేసవిలో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ పడవ మీద చార్ల్ రిషె, పాల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సముద్రజీవుల విషాన్ని పరిశోధించారు. పారిస్‌కు తిరిగి వచ్చాక కుక్కలకు సముద్రపుష్పం అనే జీవి విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటికి రక్షణ కలిగించవచ్చునని ఆశించారు. నెప్ట్యూన్ అనే కుక్క మొదటి మోతాదును తట్టుకుంది. 22 రోజుల తరువాత అదే విషం అతి స్వల్పంగా ఇస్తే అరగంటలోపే చనిపోయింది. రక్షణకు బదులు దానికి విరుద్ధమైనది కలిగిందని రిషె ఆ స్థితికి 1902లో అనఫిలాక్సిస్ అని పేరు పెట్టాడు. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అదే కాలంలో వియన్నాలో క్లెమెన్స్ ఫోన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు డిఫ్తీరియాకు గుర్రపు సీరం ఎక్కించిన పిల్లల్లో కొందరికి కొన్ని రోజుల తరువాత జ్వరం, దద్దుర్లు, కీళ్ళవాపు రావడం గమనించాడు. బేలా షిక్‌తో కలిసి 1905లో దానిమీద గ్రంథం రాశాడు. 1906లో, దేహం ఒక పదార్థాన్ని ఒకసారి ఎదుర్కొన్న తరువాత దానిపట్ల దాని ప్రవర్తన మారిపోవడాన్ని సూచించడానికి, రెండు గ్రీకు మాటలు కలిపి “అలర్జీ” అన్నాడు. ఆయన ఉద్దేశంలో ఆ మార్పు మేలుకైనా కావచ్చు, కీడుకైనా కావచ్చు. రోగనిరోధకశక్తీ, వికటించిన ప్రతిచర్యా ఒకే నాణేనికి బొమ్మాబొరుసూ. తరువాతి తరం ఆ మాటలో కీడు సగాన్నే ఉంచుకొని మేలు సగాన్ని వదిలేసింది. ఆ వదిలేసిన సగం మళ్ళీ చేతికి రావడానికి శతాబ్దం పట్టింది.

పిర్కే జీవితంలో అంతగా చెప్పుకోని అధ్యాయం మరొకటి ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆస్ట్రియాలో పిల్లలు ఆకలితో కృశించిపోతుండగా, అమెరికా నుంచి వచ్చిన సహాయంతో వాళ్ళకు భోజనం పెట్టే బృహత్తర కార్యక్రమాన్ని ఆయనే నడిపించాడు. ఎవరికి ఎంత పెట్టాలో తేల్చడానికి ఒక గ్రాము పాలలోని పోషక విలువను ప్రమాణంగా తీసుకొని లెక్కలు కట్టాడు. “అలర్జీ” అన్న మాటను లోకానికిచ్చిన మనిషి తన చివరి దశాబ్దంలో ఎక్కువ భాగాన్ని పిల్లల ముందు అన్నం పెట్టడానికే వెచ్చించాడు. 1929లో భార్యతో కలిసి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన పెట్టిన పేరు మాత్రం మిగిలింది.

అనుమానం నుంచి రుజువు దాకా

ఆహారానికీ ఈ కొత్త మాటకూ ముడి వేసినవారిలో న్యూయార్క్ పిల్లల వైద్యుడు ఆస్కర్ ష్లాస్ ముఖ్యుడు. 1912లో ఆయన ఎనిమిదేళ్ళ బాలుడి కథను ప్రచురించాడు. ఆ బాలుడికి పసితనంలో కోడిగుడ్డు తిన్నప్పుడు నోరు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. తరువాత బాదం, ఓట్లు కూడా అలాగే వికటించాయి. ష్లాస్ ఆయా పదార్థాల సారాన్ని చర్మం మీద గీతలు గీసి అద్ది చూశాడు. పడని పదార్థం అద్దిన చోట దద్దురు లేచింది. నేటికీ అలర్జీ చికిత్సాలయాల్లో ముంజేతి మీద చేసే పరీక్షకు అది పూర్వరూపం.

ఆ దద్దురును లేపేది రక్తంలోనే ఉందని 1921లో తేలింది. ప్రస్తుతం పోలండ్‌లో ఉన్న బ్రెస్లావ్ నగరంలో హైంజ్ క్యుస్ట్‌నర్ అనే వైద్యుడికి చేప పడేది కాదు. అతని సహోద్యోగి కార్ల్ ప్రౌస్నిట్స్ క్యుస్ట్‌నర్ రక్తం నుంచి తీసిన సీరాన్ని తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకొని, మర్నాడు అక్కడే చేప సారాన్ని ఎక్కించుకున్నాడు. చేప తిని ఎన్నడూ బాధపడని అతని చర్మం మీద దద్దురు లేచింది. ఆ పదార్థమేమిటో తెలియడానికి మరో నలభై అయిదేళ్ళు పట్టింది. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో కిమిషిగె, తెరుకొ ఇషిజాకా దంపతులూ, ఆ మరుసటి సంవత్సరం స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్‌లూ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. దానికి ఐజీఈ అనే పేరు స్థిరపడింది.

ఈ మధ్యకాలమంతా వైద్యులు రెండు శిబిరాలుగా చీలి ఉన్నారు. కాలిఫోర్నియాలోని ఓక్‌లండ్‌లో ఆల్బర్ట్ రో అనే వైద్యుడు 1920ల నుంచి, తలనొప్పి మొదలుకొని నిస్త్రాణ దాకా ఎన్నో బాధలకు ఆహార అలర్జీ కారణమన్నాడు. చర్మపరీక్షను పూర్తిగా నమ్మలేమని, అనుమానమున్న పదార్థాలను కొన్ని వారాలపాటు భోజనం నుంచి తొలగించి, బాధ తగ్గితే ఒక్కొక్కటే తిరిగి చేర్చి చూడమన్నాడు. తొలగింపు పథ్యం అనదగిన ఈ పద్ధతి చాలా ప్రచారం పొందింది. రెండవ శిబిరం వారు చర్మం మీదా సీరంలోనూ కనిపించనిదాన్ని అలర్జీ అనడానికి ఒప్పుకోలేదు. తన బిడ్డకు ఫలానాది పడడం లేదని చెప్పిన తల్లి మొదటి శిబిరానికి వెళితే పొడుగాటి నిషేధాల జాబితాతోనూ, రెండవ శిబిరానికి వెళితే ఆందోళనపరురాలన్న ముద్రతోనూ తిరిగి వచ్చేది. బిడ్డ సంగతి తేలేది కాదు.

రో పద్ధతిలో రెండు అంచెలున్నాయని గమనించాలి. తీయడం మొదటిది. తిరిగి పెట్టి చూడడం రెండవది. ఆచరణలో మొదటిదే నిలిచింది. పాలు మానేశాక బిడ్డ ఒంటిమీది గజ్జి తగ్గినట్టు తోస్తే, దాన్ని పరీక్షించడానికి మళ్ళీ పాలు పోసే ధైర్యం ఏ ఇంట్లోనూ ఉండదు. గజ్జి దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుందన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ చిక్కుముడిని విప్పినది 1976లో డెన్వర్‌లో చార్లెస్ మే ప్రవేశపెట్టిన పరీక్ష. అనుమానించిన ఆహారాన్నీ, అలాంటిదే అయిన నిరపాయకరమైన పదార్థాన్నీ గుర్తుపట్టరాకుండా గొట్టాల్లో నింపి, ఏది ఎప్పుడు ఇస్తున్నారో రోగికీ వైద్యుడికీ కూడా తెలియకుండా ఇచ్చి చూడడమే దాని సారం. మందులను పరీక్షించే క్రమశిక్షణ మొదటిసారి ఆహారానికి వర్తించింది.

ఈ దారిలో నడిచిన ఎలన్ బాక్ 1987లో ప్రచురించిన అధ్యయనాన్ని పసిబిడ్డలున్న ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. ఆయన 480 మంది శిశువులను పుట్టుక నుంచి మూడో పుట్టినరోజు దాకా అనుసరించాడు. వారిలో 133 మంది, అంటే 28 శాతం మంది తల్లిదండ్రులు ఏదో ఒక ఆహారం తమ బిడ్డకు పడడం లేదన్నారు. ఆ ఆహారాన్ని తిరిగి ఇచ్చి చూసినప్పుడు నిర్ధారణ అయినవారు 37 మంది, సుమారు 8 శాతం. ఫిర్యాదుల్లో అయిదింట నాలుగు వంతులు మొదటి ఏడాదిలోనే వచ్చాయి. తల్లిదండ్రులు అబద్ధమాడారని దీని అర్థం కాదు. వాంతి నిజం, దద్దురు నిజం. పసిపిల్లల్లో వాంతికీ విరేచనానికీ దద్దురుకూ సవాలక్ష కారణాలుంటాయి. వాటిలో చాలా భాగం మామూలు వైరస్ జ్వరాలే. కంటికి కనిపించే కారణం మాత్రం ఆ పూట పెట్టిన ముద్ద. అందుకే నింద దానిమీద పడుతుంది.

తీసేసిన పాలు

నిజంగా పడని ఆహారాన్ని తీసేయడం ప్రాణం పోస్తుంది. దానికి ప్రబల సాక్ష్యం అలర్జీ కాని మరో జబ్బులో దొరుకుతుంది. సీలియాక్ వ్యాధితో శుష్కించిపోయే పిల్లలకు గోధుమే శత్రువని డచ్చి వైద్యుడు విల్లెం డికె గుర్తించాడు. రెండవ ప్రపంచయుద్ధం చివరి చలికాలంలో నెదర్లండ్స్‌లో రొట్టె దొరకని కరవు ఆ ఊహకు బలమిచ్చింది. 1950లో ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసంతో గోధుమ లేని భోజనం ఆ పిల్లలకు చికిత్సగా స్థిరపడింది. అయితే అది ఒక జబ్బుకు రుజువైన ఒక పదార్థాన్ని తీసేయడం. అనుమానం మీద పదింటిని తీసేయడం కాదు.

తీసినదాని స్థానంలో ఏది పెట్టాలన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. ఆవుపాలు పడని శిశువుల కోసం 1909లోనే బాల్టిమోర్ వైద్యుడు జాన్ రూరా సోయా చిక్కుడును ప్రయత్నించాడు. పాలలోని మాంసకృత్తులను ముందే ముక్కలు చేసి తయారుచేసిన న్యూట్రామిజెన్ 1942లో వచ్చింది. పాలు తీసేస్తే పాలు చేసే పని మరొకటి చేయాలన్న వివేకం వీటి వెనక ఉంది.

ఆ వివేకం మరుగున పడితే ఏమవుతుందో 2001లో అమెరికాలో వెలువడిన నివేదికలు చెబుతాయి. అట్లాంటా వైద్యులు వర్ణించిన 22 నెలల బాలుడికి గజ్జి ఉండేది. పాలు పడడం లేదన్న అనుమానంతో, తల్లిపాలు మాన్పించాక, బియ్యంతో చేసిన “పాలు” పట్టారు. అంగడిలో పాల పక్కనే, పాల డబ్బాలాంటి డబ్బాలోనే దొరికే ఆ ద్రవంలో పిండిపదార్థం తప్ప మాంసకృత్తులు లేవనదగినంత స్వల్పం. రోజుకు సుమారు లీటరున్నర తాగుతూ, కడుపు నిండుతూనే, ఆ బిడ్డ ఒళ్ళు ఉబ్బి, చర్మం పొరలు లేచి ఆస్పత్రికి చేరాడు. జబ్బు క్వాషియోర్కర్. అదే ఏడాది చర్మవైద్యుల పత్రిక ఒకటి అలాంటి పిల్లలు 12 మంది గురించి రాసింది. వాళ్ళ కష్టానికి పేదరికం ప్రధాన కారణం కాదు. అనుమానించిన లేదా నిజమైన పాల అలర్జీ, పోషణ గురించిన అజ్ఞానం, ఆహారపు వెర్రి పోకడలు కారణాలు.

ఈ జబ్బు పేరు తెలుగు పాఠకులకు కొత్త కాకూడదు. పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్టులో పనిచేసిన సిసిలీ విలియమ్స్ 1930లలో దీన్ని లోకానికి పరిచయం చేసింది. తరువాతి బిడ్డ రాగానే తల్లిపాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని అక్కడి గా భాషలో ఆ మాటకు అర్థం. కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, నేటి జాతీయ పోషకాహార సంస్థ, సి. గోపాలన్ నాయకత్వంలో ఈ జబ్బుమీద దశాబ్దాల తరబడి పనిచేసింది. కొనే శక్తి లేక గంజి నీళ్ళతో కడుపు నింపిన ఇళ్ళలోని పిల్లలు వాళ్ళు చూసినవారు. అట్లాంటా బాలుడి ఇంట్లో లేమి లేదు. అయినా వాడి గ్లాసులోకి చేరింది ఖరీదైన గంజినీళ్ళే.

మూడేళ్ళు ఆగమన్న సలహా

ఇంతవరకూ చెప్పినది చదివి, ఆహార అలర్జీ అన్నది తల్లిదండ్రుల భ్రమ అనుకుంటే అది మరో ప్రమాదం. 1992లో హ్యూ సాంప్సన్ బృందం ఆహారం వల్ల అనఫిలాక్సిస్‌కు గురైన 13 మంది పిల్లల గురించి నివేదించింది. ఆరుగురు చనిపోయారు, ఏడుగురు చావు అంచుదాకా వెళ్ళివచ్చారు. అందరికీ తమకు ఫలానాది పడదని ముందే తెలుసు. తెలియకుండానే తిన్నారు. చనిపోయిన ఆరుగురిలో మొదటి గంటలో ఎపినెఫ్రిన్ అందినది ఇద్దరికే. బతికిన ఏడుగురిలో ఆరుగురికి అరగంటలోపే అందింది. వేరుశనగలు, ఇతర గింజపప్పులు ఈ మరణాల వెనక ఎక్కువగా ఉన్నాయి.

ఆ భయం నుంచే ఒక సలహా పుట్టింది. అలర్జీలున్న కుటుంబాల్లో పుట్టిన పిల్లలకు మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టవద్దని 1998లో బ్రిటిష్ ప్రభుత్వ సలహాసంఘం చెప్పింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, ప్రమాదం ఎక్కువగా ఉన్న పిల్లలకు ఆవుపాలు ఏడాది, గుడ్డు రెండేళ్ళు, వేరుశనగ, గింజపప్పులు, చేప మూడేళ్ళు నిండేదాకా ఆపమంది. తర్కం సులువుగా ఉంది: పసిప్రేగు బలహీనమైనది, అది బలపడేదాకా ఆగుదాం. రుజువు మాత్రం బలహీనంగా ఉంది. ప్రమాదమున్న కుటుంబాలకని రాసిన మాట, ఇళ్ళకు చేరేసరికి అందరికీ వర్తించే కట్టుబాటయింది.

ఆ సంవత్సరాల్లో అమెరికాలో టెలిఫోన్ సర్వేలు ఒకే పద్ధతిలో మూడుసార్లు జరిగాయి. తల్లిదండ్రులు చెప్పిన ప్రకారం పిల్లల్లో వేరుశనగ అలర్జీ 1997లో 0.4 శాతం, 2002లో 0.8 శాతం, 2008లో 1.4 శాతం. ఈ పెరుగుదలకు ఆ సలహా ఒక్కటే కారణమనడానికి వీల్లేదు. పెరుగుదల అంతకు ముందే మొదలయింది. సలహా దాన్ని ఆపలేదన్నది మాత్రం స్పష్టం.

లండన్‌లో పనిచేసే గిడియాన్ లాక్ ఇజ్రాయెల్‌లో ఉపన్యసిస్తూ, గత ఏడాదిలో వేరుశనగ అలర్జీ ఉన్న బిడ్డను చూసినవారు చేతులెత్తమన్నాడు. లండన్‌లో అయితే దాదాపు సభంతా ఎత్తేది. అక్కడ వేళ్ళమీద లెక్కించదగిన చేతులే లేచాయి. ఇజ్రాయెల్ పిల్లలు పళ్ళు రాకముందే బాంబా అనే వేరుశనగ చిరుతిండిని చప్పరిస్తారు. లాక్, డు టోయ్, వారి సహచరులు రెండు దేశాల యూదు బడిపిల్లలను పోల్చి 2008లో ఫలితాలు ప్రచురించారు. వేరుశనగ అలర్జీ బ్రిటన్‌లో 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం. ఎనిమిది నుంచి పద్నాలుగు నెలల వయసులో ఇజ్రాయెల్ శిశువులు నెలకు తినే వేరుశనగ మాంసకృత్తుల మధ్యస్థ పరిమాణం 7.1 గ్రాములు, బ్రిటిష్ శిశువులు తినేది సున్నా.

అంతకుముందు 2003లోనే లాక్ మరో ఆధారాన్ని చూపించాడు. వేరుశనగ నూనె ఉన్న లేపనాలను గజ్జికి పూసిన శిశువులకు ఆ అలర్జీ ఎక్కువగా వచ్చింది. దీని నుంచి ఒక సిద్ధాంతం రూపొందింది. పగిలిన చర్మం గుండా దేహానికి పరిచయమైన ఆహారం శత్రువుగా నమోదవుతుంది. నోటి ద్వారా ప్రేగుకు పరిచయమైనది మిత్రంగా నమోదవుతుంది. ఇంట్లో అందరూ వేరుశనగ తింటూ, బిడ్డ నోటికి మాత్రం అందనీయకపోతే, గజ్జి ఉన్న ఆ బిడ్డకు మొదటి దారి తెరిచి రెండవ దారి మూసినట్టే.

2008లోనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం, ఆలస్యం చేయడం వల్ల మేలు జరుగుతుందన్న దానికి ఆధారం లేదంటూ పాత సలహాను వెనక్కు తీసుకుంది. మరుసటి ఏడాది బ్రిటన్ అదే చేసింది. ఆలస్యం నిరర్థకమని తేలింది కాని, తొందరపడడం మంచిదని ఇంకా రుజువు కాలేదు. ఆ రుజువును 2015 ఫిబ్రవరిలో లీప్ అధ్యయనం ఇచ్చింది. తీవ్రమైన గజ్జి గాని, గుడ్డు అలర్జీ గాని, రెండూ గాని ఉన్న, నాలుగు నుంచి పదకొండు నెలల లోపు వయసు శిశువులు 640 మందిని రెండు జట్లుగా చేశారు. చర్మపరీక్షలో దద్దురు నాలుగు మిల్లీమీటర్లకు మించినవారిని ప్రమాదమని ముందే తప్పించారు. ఒక జట్టు వేరుశనగను పూర్తిగా మానింది. మరొక జట్టు వారానికి ఆరు గ్రాముల మాంసకృత్తులకు తగినంత, మూడు పూటలకు తగ్గకుండా తింది. అయిదేళ్ళ వయసు వచ్చేసరికి మానిన జట్టులో 17.2 శాతం మందికి, తిన్న జట్టులో 3.2 శాతం మందికి అలర్జీ ఉంది. ఆ పిల్లలు పదమూడేళ్ళకు దగ్గరైనప్పుడు మళ్ళీ పరీక్షించి 2024లో ప్రచురించిన ఫలితాలు 15.4, 4.4 శాతాలు. మధ్య సంవత్సరాల్లో ఇష్టం వచ్చినట్టు తిన్నా, మానినా, రక్షణ నిలిచింది.

పిర్కే మాటలోని మరచిపోయిన సగం ఇక్కడ తిరిగి దొరికింది. పరిచయం దేహాన్ని మారుస్తుంది. ఆ మార్పు ఏ దిక్కుగా జరుగుతుందన్నది పరిచయం ఎప్పుడు, ఏ దారిన జరిగిందన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది.

ఇది సర్వరోగనివారిణి కాదు. ఆస్ట్రేలియా 2016లో సలహాలు మార్చింది, కుటుంబాలూ వాటిని పాటించాయి. అయినా మెల్బోర్న్‌లో ఏడాది పిల్లల్లో వేరుశనగ అలర్జీ 3.1 శాతం నుంచి 2.6 శాతానికి మాత్రమే తగ్గింది. అది గణాంకశాస్త్రం దృష్టిలో నికరమైన తగ్గుదల కాదు. కొందరు శిశువులకు మొదటి ముద్దకు ముందే అలర్జీ స్థిరపడి ఉంటుంది.

తిరిగి పెట్టడం

రుజువైన అలర్జీకి కూడా ఇప్పుడు దారులు ఏర్పడుతున్నాయి. ఆ దారి మొదలు 1908లోనే ఉంది. లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ స్కోఫీల్డ్ గుడ్డు ఏమాత్రం పడని పదమూడేళ్ళ బాలుడికి గుడ్డులో పదివేలవ వంతు కలిపిన మాత్రతో మొదలుపెట్టి, నెలల తరబడి మోతాదు పెంచుతూ, చివరకు గుడ్డు తినగలిగేలా చేశాడు. దాదాపు నూరేళ్ళు ఆ మార్గాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. 2022లో ప్రచురితమైన ఇంపాక్ట్ అధ్యయనంలో ఒకటి నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలు 146 మందిలో, వేరుశనగ పొడిని క్రమంగా పెంచి ఇచ్చినవారిలో 71 శాతం మంది చికిత్స ముగిసేసరికి దాన్ని తట్టుకోగలిగారు. చికిత్స ఆపి ఆరు నెలలు గడిచాక కూడా తట్టుకున్నవారు 21 శాతం. వయసు తక్కువైనకొద్దీ ఆ నిలకడకు అవకాశం ఎక్కువగా కనిపించింది. పాలు పడని పిల్లల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది రొట్టెలోనో కేకులోనో బాగా కాలిన పాలను తట్టుకోగలరని 2008లోనే తేలింది. నిషేధం అంతా గాని, ఏమీ లేదు గాని అన్న పద్ధతిలో ఉండనక్కరలేదు.

తీయడం పరీక్ష లేకుండా జరుగుతోందన్న దానికి డెన్వర్ నుంచే మరో సాక్ష్యం 2011లో వచ్చింది. అలర్జీ ఉందని నిర్ధారించి అనేక ఆహారాలు మాన్పించిన 125 మంది పిల్లలకు, వైద్యుల ఎదుట, ఆ ఆహారాలనే 364 సార్లు ఇచ్చి చూశారు. 325 సార్లు ఏమీ కాలేదు. వాళ్ళలో చాలామందికి ఆహారాలను మాన్పించడానికి ఆధారం రక్తపరీక్షే. రక్తంలో ఐజీఈ కనిపించడం అంటే దేహం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే. తింటే వికటిస్తుందని కాదు. పసివాడి రక్తాన్ని యాభై ఆహారాలకు ఒక్కసారే పరీక్షించి, వచ్చిన జాబితాను వంటింటి గోడకు అతికించడం అందుకే హానికరం.

ఈ శతాబ్దపు అనుభవం ఒక ఇంటి వంటగదిలోకి వచ్చేసరికి కొన్ని సాదా సంగతులుగా మారుతుంది. తిన్న నిమిషాల్లోనో, ఒకటి రెండు గంటల్లోనో దద్దుర్లు, పెదవుల వాపు, పదేపదే వాంతి, గురక, సొమ్మసిల్లడం కనిపిస్తే అది నిజమైన అనుమానం. ఆ ఆహారాన్ని ఇంట్లో మళ్ళీ పరీక్షించి చూడరాదు. అత్యవసర చికిత్స దగ్గరే ఉన్నచోట వైద్యులు చూడవలసిన పని అది. తీవ్రమైన గజ్జి గాని గుడ్డు అలర్జీ గాని ఉన్న శిశువుకు వేరుశనగ మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి అడగాలని 2017 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాంటివేవీ లేని బిడ్డకు మిగతా ఆహారంతో పాటే పెట్టవచ్చు. గింజలు గొంతులో అడ్డుపడతాయి కనుక పలుకులుగా కాక, మెత్తని పొడిగానో పలుచని ముద్దగానో పెట్టాలి. సరిపడిన ఆహారాన్ని ఆపకుండా పెడుతూ ఉండాలి. దేన్నైనా తీసేస్తే దాని బదులు ఏది పెట్టాలో, మళ్ళీ ఎప్పుడు పరీక్షించాలో ఆనాడే నిర్ణయించుకోవాలి. పసితనంలో పాలూ గుడ్డూ పడనివారిలో ఎక్కువమందికి పెరుగుతున్నకొద్దీ అవి సరిపడతాయి. పాత కాగితంలోని నిషేధం కొత్త ఏడాదికి వర్తించకపోవచ్చు.

తెలుగు ఇళ్ళలో జ్వరం తగ్గాక “పథ్యం పెట్టడం” అనే మాట ఉంది. పథ్యం అనగానే ముందు గుర్తుకు వచ్చేది మానేయవలసిన వాటి జాబితాయే. పథ్యం పెట్టడం అంటే మాత్రం లంఖణం ముగించి తిరిగి అన్నం పెట్టడం. లంఖణం పరమౌషధమన్నవారు కూడా దానికి ఒక గడువు పెట్టారు, గడువు తీరాక కంచం ముందుకు తెచ్చారు. పసిపిల్లల విషయంలో వైద్యశాస్త్రం నూరేళ్ళు మొదటి అర్థంతోనే పనిచేసి, ఇప్పుడిప్పుడే రెండవదాన్ని నేర్చుకుంటోంది.